కేళీకంకి చెప్పు కథ: ప్రాణులలో ఉత్పరివర్తనములు

నిజాంసాగరము కాలువనీరు పాఱు బాన్సువాడ ప్రాంతమున వరి ఈనిన దినములలో గట్టుమీద నిలిచి చూచిన రైతునకు మడి యంతయు ఒక్క ఎత్తున కత్తిరించి దిద్దినట్లు కానవచ్చును. కాని చూపు నిలిపి చూచినచో ఆ సమత్వమునందు అక్కడక్కడ ఒక మొక్క వేఱుగా తోచును. ఒకటి తోడిమొక్కల కంటె జానెడు పొడవుగా నుండును. ఒకటి వారముదినములు ముందుగా ఈనును. మఱియొకదాని గింజ సన్నముగానో, రంగు మాఱియో యుండును. ఇట్టివానిని మన రైతులు కేళీలనియు బెరుకులనియు చెప్పుదురు. విత్తనమునకై పంట పెట్టినవాడు కూలీలను దింపి వానిని ఏరించి గట్టుమీద పాఱవేయించును. విత్తనమునకు శుద్ధి ప్రధానము గనుక అది న్యాయమే. అయితే పాఱవేయబడిన ఆ మొక్క ఎట్లు పుట్టినదని ఒక్క నిమిషము నిలిచి ఆలోచించువారు అరుదు.

కేళీలు పుట్టుటకు సామాన్యముగా రెండు కారణములు. కల్లములోనో, కొట్టులోనో, నారుమడిలోనో వేఱురకపు గింజ కలియుట మొదటిది. ప్రక్కపొలముననుండి పుప్పొడి గాలికి వచ్చి సంకరమగుట రెండవది. తఱచుగా ఈ రెండే. కాని ఎప్పుడో యొకప్పుడు మూడవ కారణము గూడ కలుగును. బయటినుండి ఏదియు రాకయే, తల్లిగింజలో లేని క్రొత్త గుణము బిడ్డగింజలో తనంత తాను పుట్టును. దీనినే శాస్త్రజ్ఞులు ఉత్పరివర్తనమనుచున్నారు. మన విస్తరిలోని తెల్లని యన్నమును, మన పైరును మాడ్చు తెగులును, మన కుటుంబములలో తరతరములుగా వచ్చు కొన్ని వ్యాధులును ఈ యొక్క మూలమునుండియే బయలుదేరినవి. కావున దీని కారణములను, ఫలితములను తెలిసికొనుట పండితులకు మాత్రమే వదలవలసిన పని గాదు.

గింజలోని గ్రంథము

ప్రతి ప్రాణియొక్క ప్రతి కణములోను ఆ ప్రాణిని నిర్మించు విధానమంతయు వ్రాసియున్న యొక గ్రంథము కలదు. దానిపేరు డి.ఎన్.ఏ. కంటికి కానరాని సన్నని మెలిదారము వంటిది. దాని లిపిలో నాలుగే అక్షరములు. ఆ నాలుగక్షరముల కూర్పులోనే వరిమొక్క ఎత్తు, ఆకు వెడల్పు, గింజ రంగు, ఈనుకాలము అన్నియు ఇమిడియున్నవి. గ్రంథములో ఒక్కొక్క అధ్యాయము వంటిది జన్యువు. వరియొక్క గ్రంథము 12 క్రోమోసోములుగా విభక్తమై సుమారు 39 కోట్ల అక్షరములు కలిగియున్నది. పలుదేశముల శాస్త్రజ్ఞులు కలిసి దానిని ఆద్యంతము చదివి 2005లో ప్రకటించిరి. ఆ కార్యములో మన దేశీయులును పాల్గొనిరి. మనుష్యుని గ్రంథము అంతకంటె పెద్దది. తల్లినుండి యొక ప్రతి, తండ్రినుండి యొక ప్రతి వచ్చును. ఒక్కొక్క ప్రతిలో సుమారు 310 కోట్ల అక్షరములు కలవు.

కణము రెండు కణములగునప్పుడెల్ల ఈ గ్రంథమునకు నకలు వ్రాయబడవలెను. పూర్వము మన యిండ్లలో తాళపత్రగ్రంథములకు ప్రతులు వ్రాయువారెట్లుండిరో తలచికొందము. లేఖకుడెంత జాగరూకుడైనను ఒకచోట అక్షరము మాఱును, ఒకచోట పాదము జాఱును, ఒకచోట వ్రాసినదే మఱల వ్రాయబడును. ఒక్కొక్కప్పుడు ఆకులే తాఱుమాఱగును. పాఠభేదములు పుట్టునది ఇట్లే. జీవకణములోని లేఖకుడును అట్టివాడే. ఒక అక్షరమునకు మాఱుగా మఱియొకటి పడుట, కొన్ని అక్షరములు లోపించుట, కొన్ని అధికముగా చేరుట, క్రోమోసోములో నొక ముక్క తెగి వేఱొకచోట అతుకుకొనుట, ఇవియే ఉత్పరివర్తనములలోని ముఖ్యభేదములు.

ఈ లేఖకుడు మన లేఖకులకంటె మిక్కిలి నిపుణుడనియు ఒప్పుకొనవలెను. వ్రాసినదానిని వెంటనే సరిచూచుకొను శక్తి కణమునకు కలదు. దిద్దుబాటు ముగిసిన పిమ్మట సుమారు 100 కోట్ల అక్షరములకు ఒక్క తప్పు మాత్రమే మిగులును. అయినను గ్రంథము పెద్దది, నకళ్లు అనేకములు. అందుచేత మనుష్యులలో పుట్టు ప్రతి శిశువునందును తల్లిదండ్రులలో ఎవరియందును లేని క్రొత్త మార్పులు సుమారు 60, 70 వఱకు ఉండును. వానిలో అధికభాగము తండ్రినుండి వచ్చుననియు, తండ్రి వయస్సుతోపాటు హెచ్చుననియు ఐస్‌లాండు దేశమున జరిగిన పరిశోధన 2012లో నిరూపించినది. కావున ఉత్పరివర్తనమనునది ఎచ్చటనో జరుగు వింత గాదు. ఈ వ్యాసమును వ్రాయువాడును, చదువువారును అందఱు దానిని మోయుచున్నవారే.

కారణములు

నకలులోని ప్రమాదము మొదటి కారణము. రెండవది బయటి దెబ్బ. ఎండలోని అతినీలలోహిత కిరణములు, ఎక్స్‌ కిరణములు, రేడియోధార్మిక పదార్థములనుండి వెలువడు గామా కిరణములు, కొన్ని రసాయనములు, పొగాకు పొగ, ఇవి డి.ఎన్.ఏ. దారమును గాయపఱచును. గాయము సరిగా మానినచో చిక్కులేదు. వంకరగా మానినచో మార్పు నిలిచిపోవును.

ఈ విషయము లోకమునకు క్రమక్రమముగా తెలియవచ్చినది. మెండెలు అను మఠాచార్యుడు బఠానీమొక్కలతో వంశగుణముల సూత్రములను 1866లో ప్రకటించెను. 1901లో హాలండు దేశస్థుడైన డి వ్రీస్ క్రొత్త గుణములు హఠాత్తుగా పుట్టునని సిద్ధాంతము చేసెను. అమెరికాలో ముల్లర్ అను పండితుడు 1927లో ఈగజాతి పురుగులపై ఎక్స్‌ కిరణములను ప్రసరింపజేసి, వాని సంతతిలో ఉత్పరివర్తనములు పెక్కుమడుంగులు హెచ్చునని చూపెను. మఱుసటి యేడు స్టాడ్లరు బార్లీ మొక్కలయందు అదే నిరూపించెను. రసాయనములకును అట్టి శక్తి కలదని 1940 తరువాత ఎడింబరోలో షార్లెట్ అవర్‌బాక్ అను విదుషీమణి కనుగొనెను. డి.ఎన్.ఏ. యొక్క ఆకృతి తెలిసినది 1953లో.

ఇచట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. అవసరము పడినప్పుడు ప్రాణి తనకు కావలసిన మార్పును తానే తెచ్చుకొనునని పలువురు తలతురు. మందు చల్లినందువలన పురుగు మందునకు తగినట్లు మాఱినదని రైతులనుట మనము వినుచున్నాము. అది సరిగాదు. లూరియా, డెల్‌బ్రుక్ అను నిరువురు 1943లో సూక్ష్మజీవులతో చేసిన ప్రయోగమున తేలిన సత్యమిది: శత్రువు రాకమునుపే, ఏ యుద్దేశమును లేక, లక్షలలో నొకదానియందు మార్పు జరిగియుండును, శత్రువు వచ్చి తక్కినవానిని చంపగా ఆ యొక్కటి మిగిలి పెరుగును. మార్పు గ్రుడ్డిది. ఎన్నికకు మాత్రమే కన్నులున్నవి. తక్కిన కథయంతయు ఈ మాటకు వ్యాఖ్యానమే.

విస్తరిలోని యన్నము

ఉత్పరివర్తనములలో అధికభాగము నిరపాయకరములు. గ్రంథములో అర్థము చెడని పాఠభేదముల వంటివి. కొన్ని కీడుచేయును. బహుకొద్దియే ఉపకరించును. అయితే మేలుకీడులు మార్పులో లేవు, దేశకాలపాత్రములలో నున్నవి. దీనికి వరిధాన్యమును మించిన సాక్ష్యము లేదు.

చెఱువుల యంచులను, పల్లపునేలలను మొలచు నివ్వరిని మన ప్రాంతీయులెఱుగుదురు. పూర్వకాలపు మునులకు ఆహారమని మన కావ్యములు చెప్పు నీవారధాన్యమిదియే. నివ్వరిగింజ పండగానే కంకినుండి రాలిపోవును. మొక్కకు అది మేలు, విత్తనము నేలజేరును. ఏరుకొను మనుష్యునకు అది నష్టము. వేలయేండ్ల క్రిందట ఏ వరిమొక్కయందో ఒక జన్యువులో ఒక్క అక్షరము మాఱి, గింజ రాలుట తగ్గినది. అడవిలో అట్టి మొక్క అధికకాలము నిలువదు. కాని గింజ రాలని కంకులే కోసినవారి చేతికి చిక్కినవి. మఱుసటియేడు అవియే విత్తబడినవి. ప్రకృతిలోని లోపము మానవుని చేతిలో సేద్యమునకు పునాదియైనది.

తెల్లబియ్యము కథయు నిట్టిదే. స్వభావముచే వరిగింజ పొట్టుక్రింద ఎఱ్ఱని పొర కలది. ఆ యెఱుపునిచ్చు జన్యువులో 14 అక్షరములు లోపించుటచే రంగు పోయినది. నేడు లోకము తిను తెల్లబియ్యములో అత్యధికభాగము ఆ లోపమునకు సంతానమే. బాసుమతి వంటి సువాసనబియ్యములోని పరిమళమును మఱియొక జన్యువులో 8 అక్షరములు జాఱుటవలన కలిగినదే. మనము శుభకార్యములకు ఎంచి వండుకొను గుణములు మొక్క లెక్కలో చూచిన లేఖకప్రమాదములు.

ఇక మన తెలుగునేలకు వత్తము. కోస్తా ప్రాంతములలో పూర్వము కోనామణి యను వరి ప్రసిద్ధము. ఆ కోనామణిలో తనంత తాను పుట్టిన ఉత్పరివర్తనమొకటి సన్నని గింజనిచ్చినది. మద్రాసు ప్రభుత్వపు వృక్షశాస్త్రజ్ఞులు దానిని వేఱుచేసి పెంచి 1921లో జి.ఇ.బి. 24 అను పేర రైతులకిచ్చిరి. ఆ పేరులోని మూడక్షరములు ఆ శాస్త్రజ్ఞుని యుద్యోగపు పేరునకు పొడియక్షరములు. అన్నపు నాణ్యమున దానికి సాటి లేదని దక్షిణదేశమంతట పేరు వచ్చినది.

మఱియొక మార్పు తైవానులో పుట్టినది. అచ్చటి డీ-జియో-వూ-జెన్ అను పొట్టివరిలో, మొక్కను పొడుగుచేయు జిబ్బరెల్లిన్ అను పదార్థమును తయారుచేయు జన్యువునుండి 383 అక్షరములు లోపించినవి. ఆ సంగతి అక్షరములతోసహా తెలిసినది 2002లోనే. కాని పొట్టితనముయొక్క విలువ అంతకు ముందే తెలిసినది. పూర్వపు పొడుగువరికి ఎరువు హెచ్చుగా వేసినచో కంకిబరువునకు పడిపోవుచుండెను. పొట్టివరి నిలువున నిలిచి ఎరువునంతయు గింజగా మార్చును. తైచుంగ్ నేటివ్ 1 అను రకమును, ఫిలిప్పైనులలో 1966లో వెలువడిన ఐ.ఆర్. 8 అను రకమును ఈ జన్యువును మోసినవే. పశ్చిమగోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు 1967లో ఐ.ఆర్. 8ను పండించి దేశమునకు చూపినది ఈ పొట్టిమొక్క సత్తువయే.

ఈ రెండు ధారలును బాపట్ల పరిశోధనక్షేత్రమున కలిసినవి. జి.ఇ.బి. 24ను తైచుంగ్ నేటివ్ 1తో సంకరము చేసి, ఆ సంతతిని మసూరితో కలుపగా వచ్చినదే 1986లో విడుదలయైన బి.పి.టి. 5204; మన యిండ్లలో సాంబమసూరి. కోనామణి మడిలో నొక మొక్కకు కలిగిన ప్రమాదమును, తైవాను మడిలో నొక మొక్కకు కలిగిన ప్రమాదమును నేడు ఒక్క గింజలో చేరి మన విస్తరికి వచ్చుచున్నవి. పొట్టివరితో గడ్డి తగ్గి పశువులకు మేత కొఱవడినదని పెద్దలు మూల్గుటయు నిజమే. ఒక్క మార్పే గాదెకు లాభము, గడ్డివామికి నష్టము. దేశకాలపాత్రములనుట ఇందుకే.

చూచిన కన్ను

ఇట్టి పనులు పరిశోధనశాలలకే సాధ్యమని రైతులు నిరాశపడనక్కఱలేదు. మన ఆదిలాబాదు సరిహద్దునకు ఆవల, మహారాష్ట్రమున చంద్రపూరు జిల్లాలో నాందేడ్ అను పల్లెయందు దాదాజీ ఖోబ్రాగడే అను చిన్నరైతు ఉండెను. ఆయన 1983 ప్రాంతమున పటేల్ 3 అను వరిమడిలో వేఱుగా కానవచ్చిన కొన్ని కంకులను పాఱవేయక కోసి దాచెను. మఱుసటి పంటకు విడిగా విత్తెను; మఱల మేలైనవానిని ఎంచెను. ఏండ్లతరబడి ఇట్లు చేయగా సన్నని, రుచికరమైన యొక క్రొత్త వరి సిద్ధించెను. ఆనాటి ప్రసిద్ధమైన చేతిగడియారముపేర అది హెచ్.ఎం.టి. అని వ్యాపించెను. తెలంగాణ పట్టణములలో బియ్యపుదుకాణమునకు పోయి హెచ్.ఎం.టి. అని అడుగనివారరుదు. ఆ కంకులలోని భేదము క్రొత్త ఉత్పరివర్తనమైనను, పూర్వసంకరపు శేషమైనను, దానిని కనిపెట్టిన కన్ను మాత్రము సేద్యమును ప్రారంభించిన తొలిమానవుని కన్నువంటిదే.

ఆ రైతు తన విత్తనమును ఇరుగుపొరుగులకు పంచిపెట్టెను. వర్తకులు లాభపడిరి. ఆయన 2018లో మరణించునాటికిని పేదవాడే. విత్తనమును కనిపెట్టిన రైతునకు హక్కునిచ్చు చట్టము ఆయన కంకులను ఎంచిననాడు మన దేశమున లేదు.

మనుష్యుడు మార్పుకొఱకు వేచియుండక తానే పుట్టించుటయు నేర్చెను. విత్తనములపై గామా కిరణములు ప్రసరింపజేసి, మొలిచిన వేలకొలది మొక్కలలో నుపయోగపడు నొకటిరెంటిని ఏరుదురు. ట్రాంబేలోని భాభా అణుపరిశోధన కేంద్రము ఇట్టి మార్గమున పెంచిన వేరుసెనగలలో టి.ఏ.జి. 24 అను రకము రాయలసీమ రైతులకు సుపరిచితము. ప్రపంచమున ఇట్లు పుట్టిన రకములు 3,400కు పైగా అంతర్జాతీయ పట్టికకెక్కినవి. కిరణములు తగిలిన విత్తనమునకు పుట్టిన పంటలో కిరణములుండునని భయపడువారు కలరు. దీపపుకాంతి పడిన పుస్తకము తాను వెలుగునా? అట్లే ఆ గింజలును. ఇందు పరజాతి జన్యువును తెచ్చి చొప్పించుట లేదు. ప్రకృతిలో జరుగు పనినే త్వరపఱచుట మాత్రమే.

శత్రువుకును అదే విద్య

ఇంతవఱకు మేలు చెప్పితిమి. ఇక రెండవ ప్రక్కను చూడవలెను. మార్పు వరికి మాత్రమే కలుగునది కాదు. వరిని తిను పురుగునకును, మాడ్చు సూక్ష్మజీవికిని కలుగును. వరి యేటికి రెండుతరములు గడపునంతలో సుడిదోమ పలుతరములు గడపును. ఆకుఎండు తెగులు తెచ్చు సూక్ష్మజీవి వేలతరములు గడపును. వారి లేఖకుడు మన లేఖకునికంటె వేగముగా వ్రాయుచున్నాడు.

1973లో ఫిలిప్పైనులలో ఐ.ఆర్. 26 అను వరి సుడిదోమను తట్టుకొనునని విడుదల చేయబడినది. మూడునాలుగు సంవత్సరములలోనే ఆ వరినే తిని బ్రతుకు దోమ బయలుదేరినది. ఇమిడాక్లోప్రిడ్ అను మందు ఆసియాఖండమున కొన్నియేండ్లు దోమను అణచినది. 2003 తరువాత ఆ మందునకు చావని దోమలు పలుదేశములలో కానవచ్చినవి. 1970లో అమెరికాలో మొక్కజొన్నలో అత్యధికభాగము ఒక్క తల్లివంశమునకు చెందియుండగా, ఆ వంశమునకే ప్రాణాంతకమైన క్రొత్త శిలీంధ్రజాతి బయలుదేరి దేశపు పంటలో సుమారు 15 శాతమును హరించెను. శత్రువు లక్షవిధముల మాఱుచుండ, మనము లక్ష యెకరములలో ఒక్కవిధముగా నిలిచియుండుట కోటకన్నియు ఒక్కటే తాళము వేయుటవంటిది. ఒక్క తాళపుచెవి దొరకినచో అన్ని తలుపులును తెఱచుకొనును.

సాంబమసూరికి ఆకుఎండు తెగులు పెద్దశత్రువు. హైదరాబాదులోని వరిపరిశోధన సంస్థయు, కణ అణు జీవశాస్త్ర పరిశోధనకేంద్రమును కలిసి దానిలో మూడు రక్షణజన్యువులను సంకరమార్గమున చేర్చి, మెఱుగైన సాంబమసూరి అను పేర 2008లో విడుదలచేసిరి. ఈ మూటిలో రెండు వరిలోనే పుట్టిన ఉత్పరివర్తనములు. తెగులు జీవి మొక్కలోపలికి చొచ్చుటకు మొక్క జన్యువునే తలుపుగా వాడుకొనును. ఆ తలుపు ఆకారము కొంచెము మాఱుటచే దొంగకు పట్టుదొరకదు. మూడవది ఆఫ్రికాఖండపు అడవివరినుండి వచ్చినది. ఒక్క తాళమైనచో శత్రువు ఒక్క మార్పుతో తీయగలడు. మూడు తాళములకు మూడు మార్పులు ఒక్క జీవిలో కలిసిరావలెను. అది దుర్లభము.

ఆ అడవివరి విలువ ఎంతటిదో మఱియొక నిదర్శనము. 1970 ప్రాంతమున గ్రాసీ స్టంట్ అను గిటకబాఱు తెగులు ఆసియా వరిని పీడింపగా, ఫిలిప్పైనుల పరిశోధనసంస్థ తన వద్దనున్న వేలకొలది విత్తనములను పరీక్షించెను. తట్టుకొన్నది ఒక్కటే, మన ఉత్తరప్రదేశమున సేకరింపబడిన నివ్వరి. ఒరైజా నివారా అను దాని శాస్త్రీయనామమునందు మన నీవారశబ్దమే యున్నది. కోటానుకోట్ల ఎకరములను కాచిన గుణము, కలుపని మనము పీకివేయు మొక్కలో దాగియుండెను.

మనుష్యునియందు

మడికి చెప్పిన న్యాయమే మనుష్యునకును చెల్లును. శరీరములోని సామాన్యకణములలో కలుగు మార్పు ఆ వ్యక్తితోనే అంతరించును. పుట్టకురుపు అట్టి మార్పుల ఫలమే. బీడీ చుట్టువారు, త్రాగువారు అధికముగానున్న మన నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతములలో పొగాకుపొగ ఉత్పరివర్తనకారి యను మాట ఊరూర చాటవలసియున్నది. బీజకణములలో కలుగు మార్పు మాత్రము వంశమున దిగును.

రక్తములోని హిమోగ్లోబిన్ జన్యువున ఒక్క అక్షరము మాఱుటచే రక్తకణము కొడవలివలె వంగు వ్యాధి కలదు. మన ఆదిలాబాదు, ఖమ్మము మన్యములలోని ఆదివాసులను అది పీడించుచున్నది. ఒక్క ప్రతి మాత్రమే మాఱినవారు ఆరోగ్యముగానుండుటయే గాక మలేరియాను కొంతవఱకు తట్టుకొందురు. కావుననే మలేరియా ప్రాంతములలో ఆ మార్పు నిలిచినది. రెండు ప్రతులును మాఱినవారికి వ్యాధి తప్పదు. తల్లిదండ్రులిరువురు ఒక్కొక్క మాఱినప్రతిని మోయువారైనచో ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు ఆ ప్రమాదము కలదు. భారతప్రభుత్వము 2023 జూలైలో ఈ వ్యాధినిర్మూలనకై జాతీయకార్యక్రమమును ప్రారంభించి 2047ను గడువుగా నిర్ణయించినది.

నగరవాసులును తమకీ గొడవ లేదనుకొనరాదు. మన దేశమున ఒక్కొక్క సమాజము వందలయేండ్లు తనలో తానే వివాహములు చేసికొనుటచే, పూర్వుడొకని మార్పు వేలమందికి సంక్రమించినది. హైదరాబాదు, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి 2017లో ప్రకటించిన పరిశోధనలో దక్షిణాసియాలోని 263 సమాజములను పరిశీలింపగా 81 సమాజములు ఇట్టి లక్షణమును తీవ్రముగా కలిగియున్నవని తేలినది. మన ఆర్యవైశ్యులలో కొందఱికి, శస్త్రచికిత్సవేళ కండరములను సడలించుటకు వాడు సక్సినైల్‌కోలిన్ మందును విఱుగగొట్టు ఎంజైము లోపించియుండును. ఇతరులకు నిమిషములలో తీఱు దాని ప్రభావము వారికి గంటలతరబడి నిలుచును. అంతదనుక శ్వాసకు యంత్రసాయము కావలెను. ముందుగా వైద్యునితో ఒక్కమాట చెప్పినచో వేఱుమందు వాడును, ప్రమాదము లేదు. ఇందు ఏ కులమునకును అవమానము లేదు. ప్రతి సమాజమునకును తనదైన మార్పు ఏదో యొకటి యుండక తప్పదు.

మేనరికములను గూర్చియు ఇచట చెప్పవలెను. మేనమామకును మేనకోడలికిని జన్యువులలో నాలుగవవంతును, మేనత్తమేనమామబిడ్డలకు ఎనిమిదవవంతును సమానము. దాగియున్న మాఱినప్రతులు రెండును ఒక్క బిడ్డయందు కలియుటకు అక్కడ అవకాశము హెచ్చు. మేనరికపు సంతానమెల్ల రోగగ్రస్తమగునని మా యభిప్రాయము కాదు. అధికభాగము ఆరోగ్యముగనే యున్నారు. కాని వంశములో ఒక బిడ్డకు చెవుడో, రక్తరోగమో, బుద్ధిమాంద్యమో కలిగినచో, ఆస్తి బయటికి పోవునను విచారముతో మరల ఆ సంబంధమునే కలుపబోవువారు మొదట జన్యువైద్యుని సంప్రదింపవలెను. పొలము కలియుటకంటె బిడ్డ బ్రతుకు గొప్పది.

మన కర్తవ్యము

బాన్సువాడ ప్రాంతమునకు నీరు కొఱతగానున్న కాలమున, 1923లో మంజీరపై ఆరంభింపబడి 1931లో ముగిసిన నిజాంసాగరము ఈ నేలను పండించినది. నవాబ్ అలీ నవాజ్ జంగు గారి యింజనీరింగు ప్రజ్ఞ నీటిని తెచ్చినది. నీరు వచ్చిన పిమ్మట విత్తనమును కాచుకొనుట మన ప్రజ్ఞపై ఆధారపడియున్నది.

అందుకు పెద్దధనము అక్కఱలేదు. పొలమంతయు ఒక్కరకమునకే ఒప్పగింపక రెండుమూడు రకములుగా పంచవలెను. ప్రతి భూస్వామియు కనీసము ఒక చిన్నమడిలో తాతలనాటి దేశవాళీ వరిని ఏటేట పండించి విత్తనము నిలుపవలెను. కుండలో దాచిన గింజ కొన్నియేండ్లకు చచ్చును, మడిలో పండిన గింజయే బ్రతికియుండును. పురుగునకు ఒక్క మందునే పదేపదే చల్లుట మానవలెను. అది చావని పురుగును మనమే ఏరి పెంచుటయగును. విత్తనపుమడిలో కేళీలను ఏరుట తప్పదు. కాని ఏరిన దానిని పాఱవేయుటకు ముందు ఒకసారి చూడవలెను. గింజ మేలుగానున్నచో, తెగులు సోకిన మడిలో అదొక్కటే పచ్చగా నిలిచినచో, ఆ కంకిని విడిగా కోసి, మఱుసటి పంటకు ఒక సాలులో విత్తి, గుణము నిలుచునా యని నాలుగైదు పంటలు పరీక్షింపవలెను. మన దాపుననే రుద్రూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయపు చెఱకు, వరి పరిశోధనక్షేత్రము కలదు. అచ్చటి శాస్త్రజ్ఞులకు చూపవచ్చును.

దాదాజీకి ఆనాడు లేని హక్కు నేడు మనకున్నది. 2001లో పార్లమెంటు చేసిన మొక్కలరకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము ప్రకారము రైతు తాను పెంచిన రకమును రుసుము లేకయే తనపేర రిజిష్టరు చేయించుకొనవచ్చును. తన పొలపు విత్తనమును దాచుకొనుటకు, విత్తుకొనుటకు, మార్చుకొనుటకు, వ్యాపారముద్ర లేకుండ విక్రయించుటకు గూడ ఆ చట్టము హక్కునిచ్చినది. చట్టము పుస్తకములో నుండుట చాలదు; దానిని వాడుకొను రైతు ఉండవలెను.

వచ్చు పంటకు బాన్సువాడ మడులలో మఱల కేళీలు తలయెత్తును. ఎవరును పిలువకయే అవి వచ్చును. వేలయేండ్లుగా వచ్చుచునే యున్నవి. వానిలో అధికభాగము గడ్డిలో కలియదగినవే. ఏదో యొకటి మాత్రము మన మనుమల యన్నమై యుండవచ్చును. కొడవలి ఎత్తిన చేయి ఒక్క క్షణము ఆగి చూచినచో గాని అది ఏదో తెలియదు.